గిరణ్‌గావ్ భూమి ఎవరికి దక్కింది?

నగరంలో ఒక పేట జనం మారిపోతే సాధారణంగా చెప్పే కారణం ఒకటే. ఆ చోటుకు గిరాకీ పెరిగింది, అద్దెలు పెరిగాయి, కట్టుకోలేనివాళ్లు వెళ్లిపోయి కట్టగలిగినవాళ్లు వచ్చారు అంటారు. లండన్‌లోని కార్మిక వాడల్లోకి మధ్యతరగతి కుటుంబాలు చేరి పాత ఇళ్లను బాగుచేసుకుంటున్న తీరును గమనించి, 1964లో రూత్ గ్లాస్ అనే సామాజికశాస్త్రవేత్త దానికి జెంట్రిఫికేషన్ అని పేరు పెట్టినప్పుడు ఆమె చూసింది కూడా ఇదే. ముంబైలో ఒకప్పుడు నూలు మిల్లులతో నిండిన గిరణ్‌గావ్‌కు మాత్రం ఈ వివరణ సరిపోదు. అక్కడి చాల్‌లలో, అంటే కార్మికులు ఉండే వరుస గదుల అద్దె భవనాల్లో, అద్దెలు పెరగలేదు. 1947 నాటి అద్దె నియంత్రణ చట్టం వాటిని 1940 స్థాయిలోనే నిలిపి ఉంచింది. అయినా రెండు దశాబ్దాల్లో ఆ ప్రాంతం దేశంలోనే ఖరీదైన నివాస, కార్యాలయ ప్రాంతాల్లో ఒకటిగా మారింది. ఈ మార్పులో మార్కెట్ పాత్ర ఉన్నమాట నిజమే కానీ, ఏ భూమి ఎవరి వాటాకు రావాలో తేల్చింది మార్కెట్ కాదు. అది ప్రభుత్వం రాసిన, తర్వాత తిరగరాసిన ఒక నిబంధన.

గిరణి అంటే మరాఠీలో మిల్లు. పరేల్, లాల్‌బాగ్, లోయర్ పరేల్, వర్లీ, ప్రభాదేవి, సేవ్రీ, నాయ్‌గావ్, బైకుల్లా ప్రాంతాలన్నీ కలిసిందే గిరణ్‌గావ్. కావస్‌జీ నానాభాయ్ దావర్ 1854లో స్థాపించిన నూలు మిల్లుతో బొంబాయిలో ఈ పరిశ్రమ మొదలైంది. అమెరికా అంతర్యుద్ధం తెచ్చిపెట్టిన పత్తి వ్యాపారపు లాభాల్లో కొంత తర్వాతి కాలంలో మిల్లుల్లోకి ప్రవహించింది. ఇరవయ్యో శతాబ్దం చివరికి మిగిలిన 58 మిల్లుల కింద దాదాపు 600 ఎకరాల భూమి ఉండేది. వాటిలో 25 జాతీయ జౌళి సంస్థ చేతిలోనివి, తక్కినవాటిలో అత్యధికం ప్రైవేటువి. ద్వీపంలాంటి నగరంలో, సముద్రానికీ రైలు మార్గాలకూ మధ్య, ఇంత భూమి ఒకేచోట ఉండడం ఎంత అరుదో గ్రహిస్తేనే తర్వాతి కథ అర్థమవుతుంది.

కార్మికుల్లో ఎక్కువమంది రత్నగిరి, సాతారా వైపు నుంచి వచ్చినవాళ్లు. తెలుగువాళ్ల సంఖ్య కూడా తక్కువేం కాదు. నిజాం రాజ్యం నుంచి వెళ్లి బొంబాయి కట్టడాల్లో రాళ్లు మోసిన కామాఠీల పేరు మీదనే కామాఠీపురా వెలిసింది. ఆ తర్వాత చేనేత మీద బతుకు గడవని కరీంనగర్, వరంగల్, నల్లగొండ ప్రాంతాల పద్మశాలీ కుటుంబాలు షోలాపూర్‌కు, భివండీకి, బొంబాయికి వరుసగా వలస పోయాయి. మగ్గం పనిముట్లయిన నాడె, పన్నె, అచ్చు చేతికి అలవాటైనవాళ్లు కాబట్టి వాళ్లకు మిల్లులోని నేత ఖాతాలో, అంటే నేత విభాగంలో, పని దొరికేది. వర్లీ, ప్రభాదేవి, లోయర్ పరేల్ చాల్‌లలో వాళ్ల కుటుంబాలు తరతరాలుగా నిలదొక్కుకున్నాయి.

ఈ పేటలో పని, గది, తిండి మూడూ నడిచి వెళ్లగలిగే దూరంలో ఉండేవి. పది అడుగుల గది, వరండా చివర అందరికీ కలిపి మరుగుదొడ్లు, షిఫ్టుల వారీగా ఒకే గదిలో పడుకునే ఒంటరి మగవాళ్లు, వాళ్లకు నెలవారీ లెక్కన వండిపెట్టే ఖానావళులు అన్నీ ఒకదానిమీద ఒకటి ఆధారపడి బతికాయి. ఖానావళి నడిపే ఆడవాళ్లు వడ్డీ వ్యాపారుల చేతిలో నలిగిపోతుంటే వాళ్లకు బ్యాంకు రుణాలు ఇప్పించడానికి ప్రేమా పురవ్ 1975లో అన్నపూర్ణ మహిళా మండలిని ప్రారంభించారు. మిల్లు జీతం ఆగితే ఖానావళి ఆగుతుంది, ఖానావళి ఆగితే ఊళ్లోని ఇంకో కుటుంబానికి డబ్బు ఆగుతుంది. ఆర్థికవేత్తల లెక్కల్లో మిల్లు మూతపడడం వల్ల పోయిన ఉద్యోగాలే కనిపిస్తాయి, ఈ గొలుసు కనిపించదు.

అలాగని పాత గిరణ్‌గావ్‌ను స్వర్గంలా చిత్రించడం తప్పు. మెరుగైన కూలి దొరికే నేత ఖాతాలోకి దళితులను రానిచ్చేవారు కాదు. నాడెలోకి దారాన్ని నోటితో పీల్చి ఎక్కించాలి కాబట్టి ఎంగిలి అంటుకుంటుందన్న సాకు చెప్పేవారు. 1928 సార్వత్రిక సమ్మె కాలంలో అంబేడ్కర్ ఈ ప్రశ్నను కార్మిక సంఘాల ముందు గట్టిగా పెట్టారు. ఆయన చాలా ఏళ్లు పరేల్‌లోని చాల్‌లోనే నివసించారు. బద్లీ కార్మికుడు రోజూ పొద్దున్నే గేటు ముందు నిలబడి, ఎవరైనా రాకపోతేనే పని దొరికించుకునేవాడు. చాల్ గదుల్లో గాలి ఆడేది కాదు. ఈ జీవితం నుంచి బయటపడాలని కార్మికుల పిల్లలు కోరుకోవడం సహజమే. వాళ్లు ఎటు బయటపడ్డారన్నదే ఇక్కడ తేలాల్సిన విషయం.

1982 జనవరి 18న కార్మిక నాయకుడు దత్తా సామంత్ నాయకత్వంలో దాదాపు రెండున్నర లక్షల మంది కార్మికులు సమ్మెకు దిగారు. బోనస్, జీతాల డిమాండ్లతోపాటు, చట్టం గుర్తించిన ఏకైక సంఘం తమకు ప్రాతినిధ్యం వహించడం లేదన్న కోపం కూడా దాని వెనక ఉంది. ఆ సమ్మెను ఎవరూ అధికారికంగా విరమించలేదు. ఏడాదికి పైగా సాగి, ఆకలికి తట్టుకోలేక చెదిరిపోయింది. కొన్ని మిల్లులు మళ్లీ తెరుచుకోలేదు, తెరుచుకున్నవి తక్కువ మందితో నడిచాయి. అప్పటికే మరమగ్గాలు భివండీకి, ఇతర చిన్న పట్టణాలకు తరలిపోతున్నాయి. సంఘం లేని, పన్ను తక్కువ పడే షెడ్లలో గుడ్డ చౌకగా తయారవుతుంటే, యజమానులు పాత యంత్రాలపై పెట్టుబడి పెట్టడం మానేశారు. ముంబై మిల్లు వదిలిన తెలుగు నేతగాళ్లలో పలువురు ఇదే బాటలో భివండీ సాంచాల (మరమగ్గాల) దగ్గరికి చేరారు. పని అదే అయినా ప్రావిడెంటు ఫండు, ఈఎస్ఐ, సెలవు లాంటివన్నీ అక్కడ కరువయ్యాయి.

భౌగోళికశాస్త్రవేత్త నీల్ స్మిత్ 1979లో ప్రతిపాదించిన అద్దె అంతరం అనే భావన ఇక్కడ ఉపయోగపడుతుంది. ఒక స్థలం ప్రస్తుత వాడకంలో ఇచ్చే రాబడికీ, వాడకం మారిస్తే ఇవ్వగల రాబడికీ మధ్య తేడా పెరిగేకొద్దీ పెట్టుబడి అక్కడికి వస్తుందని ఆయన వాదన. నష్టాల్లో నడిచే స్పిన్నింగ్ షెడ్డుకూ, అదే నేలమీద లేవగల నలభై అంతస్తుల భవనానికీ మధ్య తేడా ఎంతో 1980ల చివరికి ప్రతి యజమానికీ తెలుసు. అయితే ఆ తేడా దానంతటది చేతికి రాదు. పారిశ్రామిక భూమిని వేరే వాడకానికి మార్చే అధికారం ప్రభుత్వానిది. కొన్ని మిల్లుల భూములు ప్రభుత్వం నుంచో నగరపాలక సంస్థ నుంచో లీజుకు తీసుకున్నవి కూడా. కాబట్టి ఆ అంతరం ఎంత పెద్దదన్న ప్రశ్న కంటే, అది ఎవరెవరికి ఎంతెంత దక్కాలన్న ప్రశ్నే ముందుంది.

1991లో వచ్చిన అభివృద్ధి నియంత్రణ నిబంధనల్లోని 58వ నిబంధన దానికి ఒక జవాబు చెప్పింది. మిల్లు భూమిని అభివృద్ధి చేయదలిస్తే స్థూలంగా మూడో వంతు ఉద్యానాలకు, ఆటస్థలాలకు నగరపాలక సంస్థకు ఇవ్వాలి. దాదాపు ఇంకో మూడో వంతు ప్రజా గృహాల కోసం మ్హాడాకు, అంటే రాష్ట్ర గృహనిర్మాణ సంస్థకు ఇవ్వాలి. మిగిలింది యజమాని అమ్ముకోవచ్చు. విస్తీర్ణాన్ని బట్టి శాతాలు కొంత మారినా లెక్క ఇంతే. వచ్చిన డబ్బుతో కార్మికుల బకాయిలు తీర్చాలని, వీలైతే మిల్లును ఆధునికం చేయాలని ఉద్దేశం. నగర చరిత్రలో ఇది ఉదారమైన ఒప్పందమే. ఊపిరాడని నగరానికి వందల ఎకరాల పార్కులు, సామాన్యులకు ఇళ్లు, యజమానికి లాభం మూడూ సమకూరేవి. 1996లో వాస్తుశిల్పి చార్లెస్ కొరియా అధ్యక్షతన ప్రభుత్వం వేసిన కమిటీ కూడా మిల్లులన్నింటినీ విడివిడి ముక్కలుగా కాకుండా ఒకే ప్రణాళిక కింద చూడాలనే దృష్టితో పనిచేసింది.

యజమానులు ముందుకు రాలేదు. మూడింట రెండు వంతులు వదులుకోవడం ఇష్టం లేక చాలామంది ఎదురుచూశారు. వాళ్ల ఎదురుచూపు ఫలించింది. 2001లో నిబంధన సవరణకు గురైంది. ఆ సవరణలో శాతాలు మారలేదు. ఆ శాతాలు ఏ భూమికి వర్తిస్తాయన్నది మారింది. మిల్లు ఆవరణలో అప్పటికే ఖాళీగా ఉన్న భూమిని మాత్రమే మూడు వాటాలుగా పంచాలి, షెడ్లూ భవనాలూ ఉన్న మేరకు భూమి, వాటిని కూల్చినా సరే, పంపకంలోకి రాదు.

మిల్లు కట్టడం ఎలా ఉంటుందో తెలిస్తే ఈ చిన్న మార్పు ఎంత పెద్దదో తెలుస్తుంది. వెలుతురు కోసం రంపపు పళ్లలాంటి కప్పులు వేసిన నేత షెడ్లు ఎత్తుగా కాక వెడల్పుగా, దాదాపు ఆవరణ అంతా పరచుకుని ఉంటాయి. ఉదాహరణకు పదిహేను ఎకరాల మిల్లులో పన్నెండు ఎకరాల మీద షెడ్లు ఉన్నాయనుకుందాం. 1991 నిబంధన ప్రకారం పార్కులకు సుమారు అయిదు ఎకరాలు, ప్రజా గృహాలకు సుమారు అయిదు ఎకరాలు రావాలి. 2001 తర్వాత పంచవలసింది మూడు ఎకరాలే. కాబట్టి పార్కులకు ఒక ఎకరం, గృహాలకు ఒక ఎకరం, యజమానికి పదమూడు ఎకరాలు. గిరణ్‌గావ్ భవిష్యత్తును ఇంతగా మలిచిన పాలనా నిర్ణయం మరొకటి లేదు. అయినా సమ్మె గురించి రాసినన్ని పేజీలు దీని గురించి ఎవరూ రాయలేదు.

బాంబే ఎన్విరాన్‌మెంటల్ యాక్షన్ గ్రూప్ ఈ సవరణను కోర్టులో సవాలు చేసింది. కూల్చిన తర్వాత ఖాళీ అయ్యే భూమి కూడా ఖాళీ భూమే అన్న అర్థంలో 2005 అక్టోబరులో బాంబే హైకోర్టు తీర్పు ఇచ్చింది. 2006 మార్చి 7న సుప్రీంకోర్టు దాన్ని కొట్టివేసి ప్రభుత్వ వివరణను సమర్థించింది. అప్పటికే 2005లో జాతీయ జౌళి సంస్థ అయిదు మిల్లులను వేలం వేసి రెండు వేల కోట్ల రూపాయలకు పైగా రాబట్టింది. వాటిలో పదిహేడు ఎకరాలకు పైగా ఉన్న ముంబై టెక్స్‌టైల్ మిల్లును డీఎల్ఎఫ్ 702 కోట్లకు కొని, 2012లో లోధా సంస్థకు 2,727 కోట్లకు అమ్మింది. ఏడేళ్లలో దాదాపు నాలుగు రెట్లు. నేల అదే, దాని మీద నూలు వడికిన చేతులకు ఈ పెరుగుదలలో వాటా లేదు.

మిల్లుల స్థానంలో మాల్‌లు, బ్యాంకులు, ప్రకటనల సంస్థలు, టీవీ స్టూడియోలు, హోటళ్లు, అద్దాల నివాస భవనాలు వచ్చాయి. ఒక్కో యజమాని తన ఆవరణ వరకే ఆలోచించి కట్టడంతో, వీధులు, మురుగు కాలువలు, రైల్వే వంతెనలు మాత్రం మిల్లుల కాలంలో ఉన్నట్టే ఉండిపోయాయి. మిల్లు కార్మికుల్లో ఎక్కువమంది నడిచి పనికి వెళ్లేవాళ్లు, కొత్త కార్యాలయాల ఉద్యోగులు మాత్రం శివార్ల నుంచి రైళ్లలో వస్తారు. ఈ తేడాను ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు. 2017 సెప్టెంబరు 29 ఉదయం, వర్షంలో, ఎల్ఫిన్‌స్టన్ రోడ్ స్టేషన్ దగ్గరి ఇరుకు పాదచారుల వంతెన మీద జరిగిన తొక్కిసలాటలో 23 మంది చనిపోయారు. అదే ఏడాది డిసెంబరు 29న కమలా మిల్స్ ఆవరణలోని మిద్దెపై రెస్టారెంట్లలో మంటలు లేచి 14 మంది ప్రాణాలు పోయాయి. ఈ రెండు ఘటనలకూ తక్షణ కారణాలు వేర్వేరు. రెండూ జరిగింది మాత్రం వాడకం మారినా మౌలిక వసతులు మారని నేల మీద.

ఇక చాల్‌లు. అద్దె చట్టం, ముందే పెద్ద మొత్తం చెల్లించి గదిని దాదాపు శాశ్వతంగా అద్దెకు పొందే పగిడీ పద్ధతి కలిసి పాత అద్దెదారుకు దాదాపు యాజమాన్యం లాంటి హక్కును ఇచ్చాయి. అందుకే లండన్ తరహాలో అద్దె పెంచి ఖాళీ చేయించడం ఇక్కడ కుదరదు. దానికి బదులు నిర్మాణ హక్కులే ఎరగా మారాయి. 1969కి ముందు కట్టిన, సెస్ (మరమ్మతుల కోసం వసూలు చేసే పన్ను) చెల్లించే భవనాలను అద్దెదారుల సమ్మతితో కూల్చి, వాళ్లందరికీ ఉచితంగా కొత్త ఫ్లాట్లు ఇస్తే, బిల్డర్‌కు అదనంగా కట్టుకుని అమ్ముకునే హక్కు వస్తుంది. ద్వీప నగరంలో మామూలు ఎఫ్ఎస్ఐ (స్థలం విస్తీర్ణానికి ఎన్ని రెట్లు కట్టవచ్చో చెప్పే నిష్పత్తి) 1.33 మాత్రమే కావడం వల్ల ఆ అదనానికి విలువ ఎక్కువ. దీంతో ఒకే స్థలంలో రెండు భవనాలు లేస్తాయి. పాతవాళ్లకు ఒకటి, కొనుగోలుదారులకు ఇంకొకటి. గేట్లు వేరు, లిఫ్టులు వేరు, వాహనాలు నిలిపే చోటు వేరు.

చాల్‌లో ఉండే కుటుంబానికి సొంత మరుగుదొడ్డి ఉన్న ఇల్లు రావడం చిన్న విషయం కాదు. దాన్ని తేలిగ్గా చూసేవాళ్లు ఆ వరుసలో ఎప్పుడూ నిలబడనివాళ్లే. కానీ నెలకు నామమాత్రపు అద్దె కట్టిన ఇంటికి ఇప్పుడు లిఫ్టు, నీటి పంపు, కాపలా, ఆస్తి పన్ను కలిసి వేల రూపాయల నిర్వహణ ఖర్చు వస్తుంది. మిల్లు జీతం పోయి, కొడుకు కాపలాదారుగానో, మాల్‌లో సేల్స్ పనిలోనో కాంట్రాక్టు మీద ఉన్న ఇంటికి అది బరువే. అప్పుడు ఆ ఫ్లాటును అమ్మి, దూరపు శివార్లయిన డోంబివలీకో విరార్‌కో వెళ్లి పెద్ద ఇల్లు కొనుక్కోవడం తెలివైన పనిగా కనిపిస్తుంది. ఇలా వెళ్లిన కుటుంబాన్ని ఏ అధికారిక పత్రమూ నిర్వాసిత కుటుంబంగా లెక్కించదు, ఎందుకంటే అది తన ఇష్టంతో, లాభానికి అమ్ముకుంది. ఒక్కొక్క ఇంటి నిర్ణయం సరైనదే అయినా, అవన్నీ కలిసినప్పుడు పేట మొత్తం చేతులు మారుతుంది.

బీడీడీ చాల్‌ల సంగతి కొంత వేరు. 1920లలో బాంబే డెవలప్‌మెంట్ డిపార్ట్‌మెంట్ వర్లీ, నాయ్‌గావ్, లోయర్ పరేల్, సేవ్రీలలో కట్టిన 207 భవనాల్లో ఒక్కో గది 160 చదరపు అడుగులు. వీటి పునర్నిర్మాణాన్ని ప్రైవేటు బిల్డర్‌కు వదలకుండా మ్హాడా ద్వారా చేపట్టారు, 500 చదరపు అడుగుల ఫ్లాటు యాజమాన్య హక్కుతో ఇస్తున్నారు. 2025 ఆగస్టులో వర్లీలో మొదటి 556 కుటుంబాలకు తాళాలు అందాయి. భూమి ప్రభుత్వ చేతిలో ఉంటే పాతవాళ్లకు ఎంత దక్కవచ్చో ఇది చూపిస్తుంది. నిర్వహణ ఖర్చు ప్రశ్న అక్కడా ఉంటుంది. కానీ బేరమాడే బలం ఎవరికి ఉందన్నది మొదటి ప్రశ్న.

మిల్లు కార్మికుల ఇళ్ల విషయంలో ఆ బలం ఎంత తక్కువో తెలుస్తుంది. మ్హాడాకు దక్కిన కొద్దిపాటి భూమిలో కట్టిన ఇళ్లను కార్మికులకు, వారి వారసులకు లాటరీ ద్వారా ఇవ్వాలని నిర్ణయించి, 2012లో తొలి విడతగా 6,925 ఇళ్లకు లాటరీ తీశారు. దరఖాస్తులు లక్షన్నరకు చేరువలో వచ్చాయి. ఆ తర్వాతి విడతలు కలుపుకున్నా అధికశాతం మందికి ఇల్లు రాలేదు. 2024లో ప్రభుత్వం మిగిలినవారికి కర్జత్ రైలు మార్గంలోని శేలు, వాంగణీలలో ఇళ్లు ప్రతిపాదించినప్పుడు, ముంబైలోనే కావాలంటూ కార్మిక సంఘాలు 2025 జులైలో ఆజాద్ మైదాన్‌లో నిరసనకు దిగాయి. 2001 సవరణ జరగకుండా ఉంటే మ్హాడా చేతికి వచ్చి ఉండే ఎకరాలను తలచుకుంటే ఈ కోరిక అతిగా ఏమీ అనిపించదు.

మిల్లులు ఎలాగూ మూతపడేవే అన్న వాదనకు జవాబు చెప్పాలి. అది చాలావరకు నిజం. మాంచెస్టర్‌లో, అహ్మదాబాద్‌లో కూడా నూలు మిల్లులు నిలవలేదు. వరంగల్‌లో 1934లో మొదలైన ఆజంజాహి మిల్లు కూడా మూతపడి, దాని నేల ప్లాట్లుగా విడిపోయింది. భూమిని ఖాళీగా ఉంచడం ఎవరికీ మంచిది కాదు, కొత్త కార్యాలయాలు తెచ్చిన ఉద్యోగాలూ అబద్ధం కావు. కానీ మిల్లు మూతపడడం ఒక సంఘటన, దాని భూమిని పంచడం ఇంకొకటి. మొదటిది అనివార్యమన్న మాట చాటున రెండోదాన్ని కూడా అనివార్యంగా చూపించడం వల్లనే 1991 ఒప్పందం పెద్దగా చర్చ లేకుండా మాయమైంది.

ఈ తేడా ఇప్పుడు హైదరాబాద్‌కు కూడా అవసరం. నగరం లోపల పాతబడిన పారిశ్రామిక వాడల్లోని తొమ్మిది వేల ఎకరాలకు పైగా భూమిని నివాస, వాణిజ్య అవసరాలకు మార్చుకునే అవకాశం కల్పిస్తూ తెలంగాణ ప్రభుత్వం 2025 నవంబరులో ఒక విధానాన్ని ప్రకటించింది. జీడిమెట్ల, బాలానగర్, ఉప్పల్, నాచారం లాంటి వాడలు దాని పరిధిలోకి వస్తాయి. భూమి రిజిస్ట్రేషన్ విలువలో నిర్ణీత శాతాన్ని రుసుముగా కట్టడం అందులోని ప్రధాన షరతు. ముంబై 1991లో అడిగింది భూమిలో వాటా, ఇక్కడ అడుగుతున్నది డబ్బు. డబ్బు ఖజానాలో చేరి ఎక్కడైనా ఖర్చు కావచ్చు. పార్కుకూ కార్మికుల ఇళ్లకూ కావలసిన నేల ఆ పేటలో మళ్లీ దొరకదు.

ఇంకో తేడా కూడా ఉంది, అది మరింత కలవరపెట్టేది. గిరణ్‌గావ్ కార్మికుడి చేతిలో కనీసం మిల్లు ఇచ్చిన టికెట్ నంబరు, ప్రావిడెంటు ఫండు ఖాతా, చాల్ గది రసీదు ఉన్నాయి. లాటరీలో పేరు రాయించుకోవడానికి 1982 జనవరి 1 నాటికి గానీ ఆ తర్వాత గానీ మిల్లులో పనిచేసినట్టు ఆ కాగితాలతోనే రుజువు చేసుకున్నాడు. అది కూడా లేని బద్లీలూ వితంతువులూ ఎంత తిరగాల్సి వచ్చిందో కార్మిక సంఘాలకు తెలుసు. షాపూర్‌నగర్, చింతల్, జగద్గిరిగుట్ట గదుల్లో నెల అద్దెకు ఉంటూ జీడిమెట్ల ఫ్యాక్టరీల్లో కాంట్రాక్టరు కింద పనిచేసేవాళ్లలో చాలామందికి అద్దె ఒప్పందం కూడా ఉండదు. భూమి వాడకం మార్చుకునే దరఖాస్తుతోపాటు ఆ ఆవరణలో పనిచేస్తున్న ప్రతి ఒక్కరి జాబితానూ, కాంట్రాక్టు వాళ్లతో సహా, ఫ్యాక్టరీ యజమాని సమర్పించాలన్న నిబంధన పెట్టడానికి కొత్త చట్టం అవసరం లేదు. మార్పిడి ఉత్తర్వు మీద సంతకం పడకముందే ఆ జాబితా తయారు కావాలి, ఎందుకంటే షెడ్డు కూలాక దాన్ని తయారు చేయగలిగేవాళ్లు ఎవరూ మిగలరు.